పాత కారు రేడియో పొట్ట కోయకండి

సంపాదకులకు,

అయ్యా,

ఈ మధ్య మన తిరుపతిలో జరిగిన పాత కార్ల ప్రదర్శన గురించి మీ జిల్లా పేజీలో వేసిన ఫొటోలు చూసి, మరునాడు నేను స్వయంగా వెళ్ళి ఆ కార్లను దగ్గరగా చూసి వచ్చాను. అక్కడ చూసినదాన్ని మనసులో పెట్టుకొని ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కార్ల యజమానులు పడిన శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తుప్పు పట్టిన రేకును గీకించి, తలుపుల రబ్బర్లను ఎక్కడెక్కడి నుంచో తెప్పించి, సీట్లకు ఆనాటి రంగు రెక్సిన్‌నే వెతికి వేయించినవారు వారిలో ఉన్నారు. అయితే అంత శ్రద్ధా డాష్‌బోర్డు నడుమకు వచ్చేసరికి ఆగిపోయింది. ఒక ఫియట్‌లో పాత రేడియో ముఖం అలాగే ఉంది గానీ డయల్ అద్దం వెనక నీలిరంగు దీపం మిణుకుమిణుకుమంటోంది. అంటే లోపలి సెట్టు మొత్తం పీకేసి, బజారులో కొన్ని వందలకు దొరికే బ్లూటూత్ బోర్డును అందులో కూర్చోబెట్టారన్నమాట. ఒక అంబాసిడర్‌లో ఆ ముఖం కూడా మిగల్లేదు; కొత్త స్టీరియో పట్టడం కోసం డాష్‌బోర్డు రేకునే కోసేశారు. తీసేసిన సెట్టు ఏమైందని అడిగితే, పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేశామని ఆ యజమాని ఎంతో మామూలుగా చెప్పారు.

నేను రేడియో మెకానిక్కును. తిరుమల కొండకు రెండో ఘాట్ రోడ్డు వచ్చిన 1974లోనే, పదో తరగతి తప్పి, గాంధీరోడ్డు పక్క సందులో ఒక రేడియో రిపేరు షాపులో పనికి కుదిరాను. రేణిగుంట స్టేషనులో దిగిన యాత్రికులను కొండకు చేర్చే టాక్సీలలో కొన్నింటి రేడియోలు మా షాపుకే వచ్చేవి. మా గురువుగారు కారు రేడియోను బల్ల మీద పెట్టి పాడించి పంపేసే మనిషి కాదు. కారులో బిగించి, ఏరియల్ కడదాకా పైకి లాగి, ఇంజను నడుస్తుండగా అలిపిరి దాకా ఒకసారి తిప్పి తెచ్చాకే డబ్బు పుచ్చుకునేవారు. వచ్చిన ప్రతి సెట్టు సంగతీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు: ఏ కారు, ఏ కంపెనీ సెట్టు, ఏ భాగం పోయింది, ఏ కాలు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలి. అలాంటి పుస్తకాలు మూడు నా దగ్గర మిగిలాయి. తరువాత టీవీలు వచ్చాయి, వాటిని బాగుచేయించుకొనే రోజులూ పోయాయి, నా షాపు మూతపడింది. ఇప్పుడు బైరాగిపట్టెడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారం పూట నలుగురం కూర్చుంటాం. ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు, ఒకరు బ్యాటరీల దుకాణం నడుపుతారు, మరొకడు ఇంజనీరింగు చదివే కుర్రాడు. సామాన్ల ఖర్చు ఇస్తే తీసుకుంటాం, ఇవ్వకపోతే అడగడం మరిచిపోతాం.

కారు రేడియోను చిన్న సైజు ఇంటి రేడియో అనుకోవడం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి. చికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ 1930లో మోటరోలా పేరు పెట్టి కారు రేడియోను అమ్మకానికి తెచ్చేనాటికి వారి ముందున్న పెద్ద చిక్కు, వాల్వులకు (ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోలలో వాడిన గాజు గొట్టాలకు) కావలసిన ఎక్కువ వోల్టేజీని కారులో ఎక్కడి నుంచి తేవడమన్నది. తొలి సెట్లకు విడిగా పొడి బ్యాటరీలు పెట్టవలసి వచ్చేది. కారు బ్యాటరీ ఇచ్చేది ఆరో పన్నెండో వోల్టులు, వాల్వులు అడిగేది రెండు వందలు. బ్యాటరీది డీసీ కరెంటు గనుక దాన్ని నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇచ్చి పెంచడానికి వీలులేదు. దానికి విరుగుడుగా వచ్చిందే వైబ్రేటరు. బొటనవేలంత అల్యూమినియం డబ్బాలో ఒక సన్నని ఉక్కు రెక్క సెకనుకు వంద సార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటూ కరెంటును ముక్కలు ముక్కలుగా తెంపి ట్రాన్స్‌ఫార్మర్‌కు అందిస్తుంది. వాల్వు రేడియో ఉన్న కారులో స్విచ్చి వేయగానే, పాట రాకముందు తుమ్మెద రొదలాంటి శబ్దం విన్నవారు ఈ ఉత్తరం చదివేవారిలో కొందరైనా ఉంటారు. ఆ రొద వైబ్రేటరుదే.

ట్యూనింగ్ కూడా వేరే పద్ధతి. ఇంటి రేడియోలో రేకులు ఒకదానిలోకి ఒకటి దూరే గ్యాంగు కండెన్సర్ ఉంటుంది. గతుకుల దారిలో ఆ రేకులు అదిరితే స్టేషను జారిపోతుంది గనుక, చాలా కారు సెట్లలో దాని బదులు కాయిళ్ళలోకి ఇనుప పొడితో చేసిన కడ్డీలు జరిగే ఏర్పాటు చేశారు. గుండీ తిప్పితే మూడు కడ్డీలూ ఒకే లెక్కన కదలాలి. పుష్ బటన్ నొక్కగానే స్టేషను దగ్గరికి టక్కున పోయి ఆగే ఆ యంత్రాంగాన్ని తయారుచేసిన చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది. బ్లూటూత్ బోర్డు బిగించేటప్పుడు మొట్టమొదట చెత్తబుట్టలోకి పోయేది అదే, ఎందుకంటే చోటు ఆక్రమించేది అదే.

కిందటేడు చిత్తూరు నుంచి ఒకాయన తమ తాతగారి ల్యాండ్‌మాస్టర్ కారులోని వాల్వు సెట్టును సంచిలో వేసుకొని తెచ్చారు. దానితోపాటు గ్లవ్ బాక్సులో దొరికిందని రేడియో లైసెన్సు పుస్తకం కూడా చూపించారు. ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి ముద్ర వేయించుకొనే రోజుల నాటిది. సెట్టు నలభై ఏళ్ళుగా మూలన పడి ఉంది. ఆయన ఇంటి దగ్గర బ్యాటరీకి కలిపి చూద్దామనుకొని, ఎందుకో ఆగారట. ఆ ఆగడమే సెట్టును కాపాడింది. ట్రాన్స్‌ఫార్మర్ రెండో చుట్టకు అడ్డంగా బఫర్ కండెన్సర్ అని ఒకటి ఉంటుంది. వైబ్రేటరు రెక్క తగిలే పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు లేవకుండా అణిచేది అదే. అది పాతబడి లీకైతే పాయింట్లు కాలి అతుక్కుంటాయి, ఆ వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అందుచేత పాత వాల్వు కారు రేడియోకు బ్యాటరీ తగిలించే ముందు, అది మంచిదో చెడ్డదో పరీక్షించకుండానే, బఫర్ కండెన్సర్‌ను మార్చేయాలి. అదీ పాతదాని విలువకు సరిగ్గా సరిపడేదై, 1600 వోల్టులకు తగ్గకుండా తట్టుకునేదై ఉండాలి. నలభై రూపాయల వస్తువు మార్చక, ఎక్కడా దొరకని ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చుకున్నవారిని నేను నలుగురిని చూశాను.

ఆ సెట్టు వైబ్రేటరు డబ్బా అంచును నెమ్మదిగా విప్పి చూస్తే, చప్పుడు బయటికి రాకుండా లోపల చుట్టిన స్పాంజి కరిగి తారులా కారి రెక్కకు అంటుకుపోయింది. దాన్ని స్పిరిట్ తడిపిన పుల్లతో గంటసేపు గీకి తీశాం. పాయింట్లు నల్లగా చిలుము పట్టి ఉన్నాయి. మీటరు పెడితే ముల్లు కదల్లేదు. సన్నని గరుకు కాగితాన్ని వేలి గోరంత ముక్క కత్తిరించి, రెండు పాయింట్ల నడుమ పెట్టి, తేలిగ్గా నొక్కి, ఒక్కొక్కసారే లాగాలి. ఎక్కువ రుద్దితే పాయింట్ల ఎడం మారుతుంది, అప్పుడు రొద ఉంటుంది గానీ వోల్టేజీ రాదు. మాస్టారు ఈ పనికి కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుంటారు. మైనం పూసిన పాత కాగితపు కండెన్సర్లను మాత్రం పారేయలేదు. వేడి చేసి మైనం కరిగించి, లోపలి చుట్టను బయటికి లాగి, ఆ గొట్టంలోనే కొత్త చిన్న కండెన్సర్‌ను దూర్చి, అదే మైనంతో మూతి మూసేశాం. మూత తీసి చూసినవారికి 1950ల నాటి సెట్టే కనిపిస్తుంది. ఇది కొంత చాదస్తమని మా ఇంట్లోవాళ్ళు అంటారు, నేను కాదనను.

ట్రాన్సిస్టర్ సెట్ల రోగాలు వేరు. ఫిల్కో కంపెనీ క్రైస్లర్ కార్ల కోసం పూర్తిగా ట్రాన్సిస్టర్లతో చేసిన రేడియోను 1955లో ప్రకటించింది. ఆ తరువాత కొద్ది ఏళ్ళలోనే వైబ్రేటరు అవసరం తీరిపోయింది. మన ఫియట్లు, అంబాసిడర్లు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డులలో ఎక్కువగా కనిపించేవి ఈ తరం సెట్లే. వీటిలో వాడినవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. ఏఎఫ్-117 లాంటి రకాలలో ఒక విచిత్రమైన జబ్బు ఉంది. ట్రాన్సిస్టర్ డబ్బా లోపలి తగరపు పూత నుంచి, ఏళ్ళు గడిచేకొద్దీ, వెంట్రుక కంటే సన్నని తగరపు మీసాలు మొలిచి లోపలి కాళ్ళకు తగులుతాయి. సెట్టు వాడినా వాడకపోయినా మొలుస్తాయి. ఏదీ కాలినట్టు ఉండదు, వోల్టులన్నీ దాదాపు సరిగానే ఉంటాయి, రేడియో మాత్రం మూగపోతుంది. ఆ డబ్బాను వేలితో టక్కున కొడితే ఒక్క క్షణం గరగరమని పలికి మళ్ళీ మూగపోతే, జబ్బు అదేనని తెలుసుకోవాలి. డబ్బాకు కలిపిన నాలుగో కాలును బోర్డు దగ్గర కత్తిరిస్తే చాలాసార్లు సెట్టు లేచి కూర్చుంటుంది. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని సెట్లు తూకానికి పోయాయో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

రెండో సంగతి ఎర్తు, అంటే బ్యాటరీ ఏ కొనను కారు బాడీకి కలిపారన్నది. ఆ కాలపు బ్రిటిష్ నమూనా కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. మా బావగారి హెరాల్డును కొన్నేళ్ళ కిందట ఒక వర్క్‌షాపులో ఇచ్చారు. వాళ్ళు డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టి, బ్యాటరీ కొనలు తిప్పి కలిపి, ఆ మాట చెప్పకుండా కారు ఇచ్చేశారు. బావగారు ఇంటికి వస్తూ దారిలో రేడియో గుండీ తిప్పారు. పవర్ ట్రాన్సిస్టర్ కాలిన వాసన ఆయనకు ఇంజను వాసనలా అనిపించి, కారాపి బానెట్ ఎత్తి వెతికారట. ఆ సెట్టు కోసం సప్తగిరి ఎక్కి మద్రాసు రిచీ స్ట్రీట్‌కు మూడుసార్లు పోయాను. దొరికిన మొదటి రెండు ట్రాన్సిస్టర్లూ పేరుకు పాతవే గానీ లోపల సరుకు వేరు. మూడోసారి దొరికిన ఏడీ-149 ఇప్పటికీ నడుస్తోంది. కొత్తది వేసినప్పుడు బయాస్‌ను, అంటే పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్‌లో నడిచే కరెంటును, సరిచేయకుండా సెట్టు మూయకూడదు. జెర్మేనియంలో వేడి పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగేకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి ట్రాన్సిస్టర్ తనను తానే కాల్చుకుంటుంది. బల్ల మీద ఫ్యాను కింద సరిచేసిన బయాస్, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రేణిగుంట రోడ్డు మీద ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డులో సరిగా ఉంటుందన్న నమ్మకం లేదు. మా గురువుగారి పుస్తకంలో ఇలాంటి సెట్ల పక్కన ఎండాకాలం, చలికాలం అని రెండు అంకెలు వేరుగా ఉంటాయి.

విదేశీ కార్లతో వచ్చిన సెట్ల గురించి ఒక్కమాట చెబుతాను. అమెరికా డెల్కో సెట్లలో చాలావాటి ఐఎఫ్ (పట్టిన స్టేషనును సెట్టు లోపల మార్చుకొనే స్థిరమైన ఫ్రీక్వెన్సీ) 262.5 కిలోహెర్ట్జ్. అన్ని రేడియోలకూ 455 అని బట్టీపట్టినవారు దాన్ని 455కు తేవాలని కాయిళ్ళలోని కోర్‌లు తిప్పి తిప్పి విరగ్గొడతారు. తెలియని కోర్‌ను తిప్పకపోవడం తప్పేమీ కాదు. డయల్ అద్దాన్ని స్పిరిట్‌తోనో పెట్రోలుతోనో తుడవకండి, అంకెలు గుడ్డకు వచ్చేస్తాయి. ఊరికే ఊది, మెత్తని కుంచెతో దులిపితే చాలు. స్పీకర్ కలపకుండా సెట్టు వేయకండి. ఇంజను తిరిగినప్పుడే టపటపమని చప్పుడు వస్తే తప్పు రేడియోది కాదు, ప్లగ్గు తీగల చప్పుడును అణిచే సప్రెసర్‌దో డైనమో కండెన్సర్‌దో అయి ఉంటుంది. బిగించిన తరువాత, డయల్ పై కొసన ఒక బలహీనమైన స్టేషను పట్టి, ఏరియల్ ట్రిమ్మర్ అనే చిన్న సర్దుబాటు స్క్రూను స్క్రూడ్రైవర్‌తో సరిచేయాలి. ఆ కారులోని ఏరియల్ తీగకూ సెట్టుకూ పొత్తు కుదిరేది అక్కడే. రిపేరు చేసేవారిలోనూ ఎక్కువమంది దీన్ని వదిలేస్తారు.

బ్లూటూత్ కోరుకోవడం తప్పని నేను అనడం లేదు. కొడుకులూ కోడళ్ళూ ఫోనులో పాటలు వింటున్నప్పుడు తాత కారులో అవి పలకాలని అడగడం న్యాయమే. దానికి సెట్టు పొట్ట కోయనక్కరలేదన్నదే నా మనవి. వాల్యూం కంట్రోలు పై కొనకు ఒక చిన్న కండెన్సర్ ద్వారా సన్నని తీగ కలిపి, వెనక నుంచి డాష్‌బోర్డు కిందికి దించి, దాని కొసన ఫోనుకు పట్టే జాక్ పెడితే, పాత సెట్టే తన ట్రాన్సిస్టర్లతో, తన స్పీకరుతో ఫోను పాటను వినిపిస్తుంది. రేడియో వినాలనుకున్నప్పుడు జాక్ తీసేస్తే సరి. రేపు వద్దనుకుంటే రెండు అతుకులు విప్పితే సెట్టు ఎప్పటిలా ఉంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: పాజిటివ్ ఎర్తు ఉన్న కారులో ఆ ఫోనును కారు ఛార్జర్‌కు కూడా కలిపితే షార్టు అవుతుంది, ఫోనును దాని బ్యాటరీ మీదనే నడపాలి. వైబ్రేటరు విషయంలోనూ నాది ఇదే మాట. పాయింట్లు పూర్తిగా అరిగిపోయిన చోట పాత డబ్బాలోనే రెండు కొత్త ట్రాన్సిస్టర్లతో సర్క్యూట్ పెట్టి, అదే సాకెట్టులో గుచ్చడానికి నాకు అభ్యంతరం లేదు. మాలో మాస్టారు దానికీ ఒప్పుకోరు, రొద లేని వైబ్రేటరు వైబ్రేటరే కాదంటారు. ఈ తగువు మా షెడ్డులో ఇంకా తెగలేదు. కాయిళ్ళు తెగి, కడ్డీలు విరిగి, పైన తుప్పు తిన్న సెట్టు దొరికితే మాత్రం అందులో ఏ బోర్డు పెట్టుకున్నా నేను అడ్డు చెప్పను. పనికొచ్చే భాగాలు విప్పి దాచమని మాత్రం కోరతాను.

కేంద్ర ప్రభుత్వం 2021లో పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పు లేకుండా ఉన్న వాహనాలకు వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేలు, పదేళ్ళకు ఒకసారి తిరగరాయించడానికి ఐదు వేలు. అంత రుసుము కట్టి అసలు రూపాన్ని నిలుపుకోవాలనుకునేవారికి రేడియో కూడా ఆ రూపంలో భాగమని ఎవరూ చెప్పడం లేదు. ప్రదర్శనలు జరిపేవారు బహుమతులకు మార్కులు వేసేటప్పుడు, ఇంజనుకూ రంగుకూ వేసినట్టే, పాడే పాత రేడియోకు కూడా కొన్ని మార్కులు పెడితే యజమానుల చూపు అటు మళ్ళుతుందని నా ఆశ. పాత సామాన్లు కొనేవారికి కూడా ఒక విన్నపం: రాగి తీగ కోసం సెట్టును సుత్తితో పగలగొట్టేకంటే, అలాగే ఉంచి మాలాంటివారికి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి.

ఇక అసలు కోరిక ఒకటుంది. ఈ పని తెలిసినవారు మన ఊళ్ళో, చిత్తూరులో కలిపి చూసినా వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది. చాలామందికి చేతులు వణుకుతున్నాయి. తిరుపతిలో పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐలు ఉన్నాయి, ఇంజనీరింగు కాలేజీలకు కొదవ లేదు. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబులో ఒక బల్ల, ఒక ఆసిలోస్కోపు (కరెంటు అలలను తెర మీద చూపే పరికరం), పదిమంది పిల్లలను ఇస్తే మేము ఉచితంగా వచ్చి నేర్పుతాం. పిల్లలకు ఇది పాత చింతకాయ పచ్చడి అనిపించవచ్చు గానీ, మా కుర్రాడు చెప్పిన దాన్నిబట్టి చూస్తే కాలేజీలో మూడేళ్ళు చదివినా అర్థం కాని సూపర్‌హెట్ సర్క్యూట్ (ఈ రేడియోలు ఐఎఫ్‌తో స్టేషను పట్టే ఏర్పాటు) వాడికి ఆ ల్యాండ్‌మాస్టర్ సెట్టులో రెండు ఆదివారాల్లో పట్టుబడింది. చిప్పులో దాగి ఉండేదంతా ఇక్కడ వేలితో తాకగలిగేలా విడివిడిగా ఉంటుంది. అయితే వైబ్రేటరు సెట్టులో రెండు వందల వోల్టులకు పైగా ఉంటాయి గనుక ఒక చెయ్యి వెనక పెట్టుకొని పనిచేయడం నేర్పిన తరువాతే మూత తీయనిస్తాం.

ఆ ల్యాండ్‌మాస్టర్ సెట్టు పలికిన సాయంత్రం సంగతి రాయకుండా ఉండలేను. చిత్తూరు పెద్దమనిషి, ఆయన తల్లి, ఇద్దరు మనవలు షెడ్డు బయట స్టూళ్ళ మీద కూర్చున్నారు. స్విచ్చి వేయగానే రొద మొదలైంది, డయల్ దీపం ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగింది, వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పట్టింది. డయల్ మీద తొమ్మిది వందల దగ్గర ముల్లు నిలిపితే, 1963 నుంచి పలుకుతున్న మన కడప కేంద్రం వార్తలు చదువుతోంది. కొంచెం కిందికి తెస్తే 720 దగ్గర మద్రాసు అందింది. పెద్దావిడ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. రొద విని, ఇది మా కారే అన్నారు. మీడియం వేవ్ ప్రసారాలు దేశంలో ఒక్కొక్కటిగా తగ్గిపోతున్న రోజులివి. ఆకాశవాణివారు కడప ప్రసారాన్ని ఇలాగే నిలబెట్టాలని ఈ సందర్భంగా కోరుకుంటున్నాను, లేకపోతే మేము బాగుచేసిన సెట్లకు వినడానికి గరగరే మిగులుతుంది.

మా గురువుగారి మూడు నోటుపుస్తకాలలో నూట ఎనభైకి పైగా సెట్ల వివరాలు తెలుగులో, ఆయన చేతిరాతలో ఉన్నాయి. రెండో పుస్తకం అంచులను చెదలు తిన్నది. మాస్టారు వాటిని శుభ్రంగా తిరగరాస్తున్నారు, సగం పూర్తయింది. ఏ కాలేజీ ల్యాబైనా తమ బీరువాలో చోటిస్తామంటే ఆ నకలును ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
ఒక పాత రేడియో మెకానిక్కు,
బైరాగిపట్టెడ, తిరుపతి.